ఓపిక పిల్లాడిదా, ఇంటిదా? మార్ష్‌మెలో పరీక్ష చుట్టూ నడుస్తున్న వాదన

జూన్ వచ్చిందంటే రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం వీధుల్లో ర్యాంకుల ఫ్లెక్సీలు లేస్తాయి. వాటి వెనకే తల్లిదండ్రుల మీటింగులు, మీటింగుల్లో మోటివేషన్ క్లాసులు. ఆ క్లాసుల్లో తరచూ వినపడే కథ ఒకటుంది. అమెరికాలో ఒక సైకాలజిస్టు నాలుగేళ్ల పిల్లల ముందు మిఠాయి పెట్టి, ‘ఇప్పుడే తింటే ఒకటి, నేను తిరిగొచ్చేదాకా ఆగితే రెండు’ అన్నాడట. ఆగిన పిల్లలు పెద్దయ్యాక మంచి మార్కులు, మంచి ఉద్యోగాలు తెచ్చుకున్నారట. ఆగలేనివాళ్లు వెనకబడిపోయారట. కథ చెప్పినాయన చివర్లో ‘మరి మీవాడు ఆగే రకమా, ఆగలేని రకమా?’ అని అడిగేసరికి హాల్లో సగం మందికి టెన్షన్ పట్టుకుంటుంది.

అదే రోజు రాత్రి ఫ్యామిలీ గ్రూపులో ఇంకో వీడియో తిరుగుతుంది: ‘మార్ష్‌మెలో పరీక్ష బోగస్ అని తేలిపోయింది.’

ఏది నమ్మాలి? రెండిట్లోనూ కొంత నిజం ఉంది, రెండూ చాలా విషయం దాచేస్తున్నాయి. పైగా ఈ చిన్న మిఠాయి పరీక్ష వెనక సైకాలజీలో ఇంకా తెగని పెద్ద తగాదా ఉంది. మనిషి నడత అతని స్వభావాన్ని బట్టి ఉంటుందా, అతనున్న పరిస్థితిని బట్టి ఉంటుందా అన్నది.

అసలు పరీక్షలో ఏం చేశారు

వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు 1960ల చివర్లో, 70ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఉన్న బింగ్ నర్సరీ స్కూల్లో ఈ ప్రయోగాలు చేశాడు. మార్ష్‌మెలో అంటే పంచదార, జెలటిన్ కలిపి చేసే దూదిలాంటి మెత్తటి మిఠాయి. మన పిల్లల ముందు పెట్టాలంటే ఆత్రేయపురం పూతరేకు పెట్టాలి. పిల్లాణ్ణి గదిలో ఒంటరిగా కూర్చోబెడతారు. బల్ల మీద మిఠాయి, పక్కన ఒక గంట. ఆగలేకపోతే గంట కొట్టొచ్చు, వెళ్లినాయన వెంటనే వచ్చేస్తాడు, కానీ చిన్న బహుమతితో సరిపెట్టుకోవాలి. ఆయనంతట ఆయన వచ్చేదాకా ఆగితే పెద్దది. ఎక్కువలో ఎక్కువ ఒక పావుగంట.

ఇప్పుడు దొరికే చిన్న లాభం వదులుకుని, తర్వాత దొరకబోయే పెద్ద లాభం కోసం ఆగడాన్ని ‘సంతృప్తిని వాయిదా వేయడం’ అంటారు. ఆత్మనిగ్రహంలో ఇదొక భాగం మాత్రమే. కోపం ఆపుకోవడం, మధ్యలో లేవకుండా పని ముగించడం, నోరు జారకుండా ఉండడం కూడా నిగ్రహం కిందికే వస్తాయి. మిఠాయి పరీక్ష వాటిని కొలవదు.

కథ చెప్పేవాళ్లు వదిలేసే ముక్క ఒకటుంది. మిషెల్ మొదట వెతికింది ఓపికున్న పిల్లల్ని ఏరడానికి కాదు. పిల్లలు ఆగగలగడానికి ఏవి సాయపడతాయో తెలుసుకోవడానికి. మిఠాయి కంటికి కనపడకుండా మూస్తే పిల్లలు చాలా ఎక్కువసేపు ఆగారు. ‘అది నిజం మిఠాయి కాదు, మిఠాయి బొమ్మ అనుకో’ అని ముందే చెబితే ఎదురుగా ఉన్నా ఆగారు. ‘ఎంత తియ్యగా ఉంటుందో తలుచుకో’ అంటే గబుక్కున గంట కొట్టేశారు. మనసు మళ్లించే చిట్కా ఒకటి చెబితే మారిపోయేదాన్ని పుట్టుకతో వచ్చిన గుణం అనడం కష్టం.

మార్కుల సంగతి తర్వాత వచ్చింది. మిషెల్ కూతుళ్లు అదే నర్సరీలో చదివారు. వాళ్ల తోటిపిల్లలు ఎలా ఉన్నారని ఇంట్లో అడుగుతుండగా, అప్పట్లో ఆగిన పిల్లలు బాగా చదువుతున్నట్టు ఆయనకి తోచింది. అక్కణ్ణుంచి వాళ్ల వివరాలు సేకరించడం మొదలుపెట్టాడు. 1990లో యుఈచి షోదా, ఫిలిప్ పీక్‌లతో కలిసి అచ్చువేసిన పరిశోధనలో, మిఠాయి ఎదురుగా ఉండి, ఏ చిట్కా చెప్పకుండా వదిలేసిన పిల్లల్లో ఎక్కువసేపు ఆగినవాళ్లకి శాట్ అనే కాలేజీ ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు వచ్చినట్టు తేలింది. ఆ లెక్కలో ఉన్నది 35 మంది. మొదట పరీక్షకి కూర్చున్నవాళ్లు 600కి పైగా. పైగా అది యూనివర్సిటీ ఆవరణలోని స్కూలు. ప్రొఫెసర్ల పిల్లలు, అక్కడ చదువుకునేవాళ్ల పిల్లలు చాలామంది. ఇంత చిన్న లెక్కతో జాగ్రత్తగా ఉండాలని పరిశోధకులే రాశారు. ఆ హెచ్చరిక మోటివేషన్ స్లైడ్ల దాకా రాలేదు.

స్టాన్‌ఫర్డ్‌కి ముందు ట్రినిడాడ్

మిషెల్ ఓపిక గురించి వెతకడం మొదలుపెట్టింది అమెరికాలో కాదు, కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో. అక్కడ ఆఫ్రికా మూలాలున్నవాళ్లు, చెరకు తోటల్లో పనికని 19వ శతాబ్దంలో ఓడలెక్కించి తీసుకెళ్లిన భారతీయుల వారసులు పక్కపక్కనే ఉండేవారు. భారతీయులు డబ్బు పరుపు కింద దాచుకుంటారని ఆఫ్రికా మూలాలవాళ్లు, వాళ్లేమో ఉన్నదంతా ఇవాళే ఖర్చుపెట్టేస్తారని భారతీయులు, ఇలా ఒకరి మీద ఒకరికి మాటలు. ఇలాంటి మాటలు ఏ రెండు ఊళ్ల మధ్య ఉండవు కనక!

మిషెల్ స్కూలు పిల్లలకి, ఇప్పుడైతే చిన్న మిఠాయి, వచ్చే వారమైతే చాలా పెద్దది అని చెప్పి ఎంచుకోమన్నాడు. 1958లో వచ్చిన ఆ ఫలితాల్లో రెండు వర్గాల మధ్య తేడా కనిపించింది. కానీ ఇంట్లో తండ్రి ఉన్నాడా లేడా అన్నది లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడాకి బలం తగ్గిపోయింది. తండ్రి లేని ఇళ్లలో పిల్లలు ఏ వర్గమైనా ఇప్పుడే కావాలనడం ఎక్కువ. పరాయి మనిషి వచ్చే వారం నిజంగా తెచ్చిస్తాడన్న నమ్మకం వాళ్లలో తక్కువేమోనని మిషెల్ ఊహించాడు. ఈ ‘నమ్మకం’ అన్న మాట తర్వాత ఎన్నో ఏళ్లు మరుగునపడి, ఇప్పుడు మళ్లీ వాదన మధ్యలోకి వచ్చింది.

2018లో ఏం తేలింది, ఆ లెక్క ఎలా పనిచేస్తుంది

టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అనే పరిశోధకులు అమెరికాలో అన్ని రకాల ఇళ్లనుంచీ వచ్చిన 900 మందికి పైగా పిల్లల వివరాలతో 2018లో పాత ఫలితాన్ని మళ్లీ చూశారు. కాలేజీ చదవని తల్లుల పిల్లల మీద ఎక్కువ దృష్టి పెట్టారు. నాలుగేళ్లప్పుడు ఆగడానికీ పదిహేనేళ్లప్పుడు మార్కులకీ సంబంధం కనిపించింది, కానీ మిషెల్ చెప్పినదాంట్లో సగం. కుటుంబ ఆదాయం, తల్లి చదువు, ఇంటి వాతావరణం, పిల్లాడి తొలినాళ్ల తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే ఆ సగంలోనూ మూడింట రెండొంతులు మాయమైంది. మిగిలింది కూడా ఎక్కువగా 20 సెకన్లయినా ఆగినవాళ్లకీ అసలు ఆగనివాళ్లకీ మధ్య తేడానే. ఆపైన ఎంతసేపు ఆగారన్నదానికి పెద్దగా విలువ లేదు.

‘లెక్కలోకి తీసుకోవడం’ అంటే ఏమిటో తెలియకపోతే ఈ వాదన సగం అర్థం కాదు. ఒక ఊహా లెక్క వేద్దాం. డెల్టాలో ఒక ఊరు, అందులో 100 మంది పిల్లలు. 50 మంది సొంత పొలం, నెల జీతం ఉన్న ఇళ్ల పిల్లలు. 50 మంది కౌలు, కూలి మీద బతికే ఇళ్ల పిల్లలు. పూతరేకు పరీక్షలో మొదటి 50లో 40 మంది ఆగారు, రెండో 50లో 10 మందే ఆగారు అనుకుందాం.

పదో తరగతికి వచ్చాక కలిగినవాళ్ల ఇళ్లలో ఆగినవాళ్లకైనా ఆగనివాళ్లకైనా నూటికి 80 మందికి మంచి మార్కులు వచ్చాయనుకోండి. అంటే ఆగిన 40లో 32, ఆగని 10లో 8. కౌలు ఇళ్లలో ఆగినా ఆగకున్నా నూటికి 40. అంటే ఆగిన 10లో 4, ఆగని 40లో 16. ఇప్పుడు ఇళ్ల సంగతి పక్కనపెట్టి మొత్తం కలపండి. ఆగిన 50 మందిలో 36 మందికి మంచి మార్కులు, అంటే నూటికి 72. ఆగని 50 మందిలో 24 మందికి, అంటే నూటికి 48. పైపైన చూస్తే ఓపికే మార్కులు తెచ్చినట్టు ఉంది. ఏ ఇంటికి ఆ ఇంటిని విడదీసి చూస్తే ఓపికకీ మార్కులకీ సంబంధమే లేదు. ట్యూషన్, ప్రశాంతంగా చదువుకునే గది, ఇంట్లో చదువుకున్న పెద్దవాళ్లు, ఇవన్నీ ఓపిక పేరు మీద జమైపోయాయి.

నేను వేసింది కావాలని చివరిదాకా లాగిన లెక్క. వాట్స్ ఫలితంలో సంబంధం సున్నా కాలేదు, బాగా చిక్కిపోయింది అంతే. తర్వాత వచ్చిన ఫలితాలు మాత్రం పరీక్షకి అనుకూలంగా లేవు. బింగ్ పిల్లల్నే నడివయసులో చూసిన 2020 పరిశోధనలో, మిఠాయి కోసం ఆగిన సమయం ఒక్కదాన్ని బట్టి వాళ్ల ఆస్తిపాస్తులు చెప్పలేమని తేలింది. దాని రచయితల్లో 2018లో చనిపోయిన మిషెల్ కూడా ఒకరు. వాట్స్ బృందం చూసిన పిల్లలకి 26 ఏళ్లు వచ్చాక 2024లో అచ్చయిన ఫలితాలూ ఇదే దారిలో ఉన్నాయి.

మరైతే బోగస్సేనా?

అంత తొందరపడక్కర్లేదు. వాట్స్ లెక్క మీద గట్టి అభ్యంతరం ఒకటి వచ్చింది. తల్లి చదువు, ఇంటి వాతావరణం తీసేసి చూస్తే ఓపిక ప్రభావం తగ్గుతుంది, నిజమే. కానీ ఆ తల్లే, ఆ ఇల్లే పిల్లాడికి ఆగడం నేర్పి ఉండొచ్చు. అప్పుడు ఇల్లు ఓపికనిచ్చింది, ఓపిక మార్కులనిచ్చింది. దారి మొదట్లో ఉన్నదాన్ని తీసేసి, మధ్యలో ఉన్నదానికి బలం లేదనడం సరికాదు. వాట్స్ పరీక్షలో ఆగే సమయం ఏడు నిమిషాలే కావడం మీద కూడా అభ్యంతరాలున్నాయి. అవే వివరాల్ని ఇంకో పద్ధతిలో చూసి, పాత ఫలితం మరీ అంత పడిపోలేదని 2020లో వాదించినవాళ్లూ ఉన్నారు.

ఆత్మనిగ్రహం వైపు ఉన్న అసలు బలమైన సాక్ష్యం మిఠాయి నుంచి రాలేదు, న్యూజిలాండ్‌లోని డనీడిన్ ఊరి నుంచి వచ్చింది. అక్కడ 1972–73లో పుట్టిన 1,037 మందిని పరిశోధకులు చిన్నప్పటినుంచీ వెంటాడుతున్నారు. మూడేళ్ల వయసు నుంచి పదకొండేళ్ల దాకా తల్లిదండ్రులు, టీచర్లు, చూసిన పరిశీలకులు, చివరికి పిల్లలు కూడా చెప్పినవన్నీ కలిపి నిగ్రహాన్ని కొలిచారు. టెర్రీ మోఫిట్ బృందం 2011లో అచ్చువేసిన ఫలితం ప్రకారం, 32 ఏళ్ల నాటి ఆరోగ్యం, ఆర్థిక స్థితి, నేరాల చరిత్ర అన్నిటిలోనూ ఆ కొలత తేడా చూపింది. కుటుంబ స్థాయిని, తెలివితేటల్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా.

ఎనిమిదేళ్ల పాటు నలుగురు చెప్పినదాన్ని ఒక వైపు, పావుగంట సేపు ఒక గదిలో చూసినదాన్ని ఇంకో వైపు పెట్టి చూడండి. ఒక్క మోడల్ పేపరు చూసి ఈఏపీసెట్ ర్యాంకు చెప్పమంటే ఏ లెక్చరరూ ఒప్పుకోడు. నిగ్రహానికి విలువ ఉందన్నమాట వేరు, ఒక మిఠాయితో దాన్ని కొలవొచ్చన్నమాట వేరు. వీడియోలు రెండిటినీ కలిపేస్తున్నాయి. ఒకరు రెండూ నిజమంటారు, ఇంకొకరు రెండూ అబద్ధమంటారు.

ఆగకపోవడమే తెలివైనప్పుడు

2013లో సెలెస్ట్ కిడ్ బృందం పరీక్షకి ముందు ఒక చిన్న అంకం చేర్చింది. పిల్లలకి పాత క్రేయాన్లిచ్చి, ‘కాసేపాగితే మంచివి తెస్తాను’ అన్నారు. సగం మందికి నిజంగానే తెచ్చిచ్చారు. మిగతా సగం మందికి ‘సారీ, లేవు’ అని ఉత్త చేతులతో వచ్చారు. స్టిక్కర్లతో మళ్లీ అదే. ఆ తర్వాత మార్ష్‌మెలో. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు. చూసింది 28 మందినే కాబట్టి ఆ అంకెల్ని మరీ గట్టిగా పట్టుకోకూడదు. ఆలోచన మాత్రం ట్రినిడాడ్ నాటిదే: ఆగితే వస్తుందన్న నమ్మకం లేనిచోట ఆగడం ఓపిక కాదు, నష్టం.

డెల్టాలో ఇది అర్థం కావడానికి ప్రయోగశాల అక్కర్లేదు. దాళ్వాకి, అంటే రబీ వరికి, నీళ్లిస్తామని ప్రకటన వస్తుంది. లాకుల దగ్గర, ఎగువన పొలం ఉన్న రైతు ఆ మాట నమ్మి నారు పోస్తాడు, ఎందుకంటే అతని బోదెలోకి నీళ్లు ఏటా వస్తూనే ఉన్నాయి. శివారు రైతు చూసింది వేరు. వంతులవారీ మొదలయ్యాక అతని వంతు వచ్చేసరికి కాలవలో అడుగే మిగులుతుంది. పైరు పాలు పోసుకునే వేళ బోదె నెర్రెలిచ్చి ఉంటే, మురుగు కాలవ గట్టున డీజిల్ ఇంజను దించి, గుర్రపుడెక్క పక్కకి నెట్టి, రాత్రంతా కాపలా కాసి ఆ నీళ్లే తోడుకున్నాడు. అలాంటివాడు మరుసటేడు దాళ్వా వద్దనుకుని మినుములు చల్లుకుంటే, చేతికొచ్చేది తక్కువైనా ఖాయంగా వస్తుందని. కాగితం మీద లెక్కేసేవాడికి అతను పెద్ద లాభం వదిలేసి చిన్నదానికి సరిపెట్టుకున్నవాడు. ఇద్దరు రైతుల స్వభావంలో తేడా వెతకడం అనవసరం, తేడా కాలవలో ఉంది. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు ఖాళీగా వదిలినప్పుడు కూడా, గిట్టుబాటు లేదన్న లెక్క తెలియనివాళ్లకి అది మొండితనంలాగే కనపడింది.

చీటీ పాటలో ఇంకో చిక్కు కనిపిస్తుంది. 20 మంది, నెలకి 5,000, లక్ష రూపాయల చీటీ అనుకుందాం. మూడో నెలలో ఒకాయన 25,000 తగ్గించి పాడుకుని 75,000 పట్టుకెళ్లాడు. ఇంకొకాయన చివరిదాకా ఆగాడు. ఆర్థిక శాస్త్రంలో ఓపికని కొలిచే ప్రశ్నలు సరిగ్గా ఇలాగే ఉంటాయి: ఇప్పుడు తక్కువా, తర్వాత ఎక్కువా? ఆ కొలత ప్రకారం మొదటాయనకి ఓపిక లేదు. కానీ ఆయన పాడింది కూతురి కాలేజీ ఫీజు ఆఖరి తేదీకి. బయట వడ్డీకి తెస్తే అంతకన్నా ఎక్కువే పోయేది. ఎంపిక ఒక్కటి చూస్తే మనిషి తెలియడు, ఆ ఎంపిక వెనకున్న మిగతా దారులు కూడా తెలియాలి.

ఏ తిండికి ఎవరు ఆగుతారు

సైకాలజీ ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో ఎక్కువ మంది పాశ్చాత్య దేశాల చదువుకున్న మనుషులే. వాళ్లని చూసి ప్రపంచంలో అందరి గురించీ చెప్పడం కుదరదని జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, అరా నోరెంజయన్ 2010లో రాసిన వ్యాసం ఈ రంగంలో పెద్ద దుమారం రేపింది. మిఠాయి పరీక్షకి వచ్చేసరికి ఆ మాట ఎంత నిజమో రెండు పరిశోధనలు చూపించాయి.

ఒకటి కామెరూన్‌లో వ్యవసాయం చేసుకునే ఎన్సో తెగ పిల్లలది. నాలుగేళ్ల ఎన్సో పిల్లల్లో పదింట ఏడుగురు దాకా చివరి వరకూ ఆగారు. జర్మన్ పిల్లల్లో పదింట ముగ్గురు కూడా లేరు. ఎన్సో తల్లులు పెద్దల మాట వినడం, కుదురుగా ఉండడం చిన్నప్పుడే నేర్పుతారు. జర్మన్ తల్లులు పిల్లాడి ఇష్టాన్ని ముందు పెడతారు. నిగ్రహమే సంపన్న జీవితానికి తాళంచెవి అయితే ఈ రెండు దేశాల ఆదాయాలు తారుమారుగా ఉండాల్సింది.

రెండోది ఇంకా సరదాగా ఉంటుంది. 2022లో అచ్చయిన ఈ పరిశోధనలో జపాన్ పిల్లలు తిండి కోసం చాలాసేపు ఆగారు, చుట్టి ఇచ్చిన గిఫ్టు విప్పడానికి మాత్రం ఆగలేకపోయారు. అమెరికా పిల్లలు సరిగ్గా ఉల్టా. జపాన్‌లో అందరికీ వడ్డించేదాకా తినకూడదన్నది స్కూల్లోనూ ఇంట్లోనూ అలవాటు. అమెరికాలో క్రిస్మస్‌కి, పుట్టినరోజుకి గిఫ్టులు ముందే కనపడుతున్నా సమయం వచ్చేదాకా విప్పకూడదన్నది అలవాటు. ఒకే పిల్లాడు ఒకదానికి ఆగి ఇంకోదానికి ఆగలేకపోతే, వాడిలో ఓపిక ఎంత ఉందన్న ప్రశ్నకి ఒక్క అంకెతో జవాబు లేదన్నమాట.

వినాయకచవితి నాడు నైవేద్యం అయ్యేదాకా ఉండ్రాళ్ల మీద చెయ్యి వెయ్యని పిల్లాడే, ఆ సాయంత్రం ఫోన్ ఇవ్వలేదని ఇల్లు పీకి పందిరేస్తాడు. జపాన్ ఫలితం చదివాక ఇందులో వింతేమీ కనపడదు. మొదటిదానికి ఇంటిల్లిపాదీ ఆగుతారు, ఏటా ఆగారు. రెండోదానికి ఇంట్లో ఎవరూ ఆగడం వాడు చూడలేదు.

చేతిలో డబ్బాడనప్పుడు బుర్ర

ఇక్కణ్ణుంచి వాదన పిల్లల్ని దాటి పెద్దవాళ్ల మీదికి వెళ్తుంది. డబ్బుకి ఇబ్బంది పడేవాళ్లు తప్పుడు నిర్ణయాలు తీసుకుంటారు అని ఒక మాట ఉంది. తప్పుడు నిర్ణయాల వల్ల ఇబ్బంది వచ్చిందా, ఇబ్బంది వల్ల నిర్ణయాలు దెబ్బతిన్నాయా?

ఆనంది మణి, సెంధిల్ ములైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో దీన్ని తమిళనాడు చెరకు రైతుల మీద చూశారు. చెరకు డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది. కోతకి ముందు చేతిలో పైసా ఆడదు, కోత తర్వాత కొంత ఊపిరి పీల్చుకుంటారు. అంటే అదే మనిషి కొన్ని నెలలు ఇబ్బందిలో, కొన్ని నెలలు నిశ్చింతగా దొరుకుతాడు. 464 మంది రైతులకి కోతకి ముందు, తర్వాత ఆకారాల వరసల్లో తర్వాతది ఏదో కనిపెట్టే పరీక్ష, దృష్టి నిలిపే పరీక్ష పెట్టారు. కోతకి ముందు అదే రైతు తక్కువ తెచ్చుకున్నాడు. 2013లో వచ్చిన ఈ ఫలితానికి వాళ్లిచ్చిన వివరణ ఇది: అప్పుల లెక్క బుర్రలో కొంత చోటు ఆక్రమిస్తుంది, మిగతా పనులకి మిగిలేది తగ్గుతుంది. పండక్కి కొత్త బట్టలు, పిల్లాడి ఫీజు, ఎరువుల కొట్టు బాకీ, వీటి మధ్య నలుగుతూ సార్వా ధాన్యం డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందా అని చూసే కౌలు రైతుకి ఈ వివరణ కొత్తగా అనిపించదు.

అభ్యంతరాలు వెంటనే వచ్చాయి. రెండోసారి రాసేవాడు పరీక్ష అలవాటై బాగా రాయొచ్చు కదా? పరిశోధకులు దీనికి ముందే సిద్ధపడి, 100 మందిని విడిగా ఉంచి కోత తర్వాత మొదటిసారి పరీక్షించారు; వాళ్లూ కోతకి ముందు రాసినవాళ్లకన్నా బాగానే రాశారు. కానీ 2016లో లియాండ్రో కార్వాల్హో బృందం అమెరికాలో తక్కువ జీతాలవాళ్లని జీతం రోజుకి ముందు, తర్వాత చూస్తే బుర్ర పనితీరులో తేడా కనపడలేదు. నెల జీతానికి ముందు నాలుగు రోజుల బిగింపు, ఏడాది పంటకి ముందు నెలల బిగింపు ఒకటేనా అన్నది ఒక జవాబు. ప్రభావమే చిన్నదన్నది ఇంకో జవాబు. ఈ కోవలోని 20 పాత ప్రయోగాల్ని 2021లో మళ్లీ చేసి చూస్తే కొన్ని నిలబడ్డాయి, చాలా నిలబడలేదు.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది ఒడిశా ప్రయోగం. అక్కడ పనిలేని నెలల్లో ఆకులు కుట్టి విస్తళ్లు చేసే కూలీలకి ఇవ్వాల్సిన డబ్బులో కొంత, కొందరికి ముందే ఇచ్చారు. మొత్తం కూలి మాత్రం అందరికీ ఒకటే రేటు. డబ్బు చేతికందిన వెంటనే వాళ్లు చేసే విస్తళ్లు దాదాపు 7 శాతం పెరిగాయి, కుట్టులో తప్పులు తగ్గాయి. బాగా పేదవాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. బుర్ర పరీక్షల మీద ఎన్ని అనుమానాలున్నా, విస్తరి సరిగ్గా కుట్టారా లేదా అన్నదాంట్లో అనుమానానికి చోటు తక్కువ.

పాత ప్రయోగాలు ఎందుకు కూలుతున్నాయి

ఇది మిఠాయి పరీక్ష ఒక్కదాని కథ కాదు. బ్రయన్ నోసెక్ నడిపించిన బృందం పేరున్న సైకాలజీ పత్రికల్లోని 100 ప్రయోగాల్ని మళ్లీ చేసి 2015లో ఫలితాలు ప్రకటించింది. మొదట్లో 97 శాతం ‘తేడా ఉంది’ అన్నాయి, రెండోసారి 36 శాతమే అలా అన్నాయి. కారణాలు పెద్ద రహస్యం కాదు: తక్కువ మందిని చూడడం, తేడా కనపడితేనే పత్రికలు వేసుకోవడం, పది రకాలుగా లెక్కలేసి కుదిరినదాన్నే చూపించడం. సంకల్పబలం వాడేకొద్దీ అయిపోతుందన్న ప్రసిద్ధ సిద్ధాంతాన్ని 2016లో 23 ప్రయోగశాలల్లో పరీక్షిస్తే దాదాపు ఏమీ కనపడలేదు. ‘తెలివి పెంచుకోవచ్చని నమ్మితే మార్కులు పెరుగుతాయి’ అన్న కెరోల్ డ్వెక్ మాటకి 2019 నాటి పెద్ద అమెరికా పరిశోధనలో కొంత బలం దొరికింది, అదీ మార్కులు తక్కువున్న పిల్లల్లో, అతి చిన్న మేరకి. ఇప్పుడు చాలామంది పరిశోధకులు ప్రయోగం మొదలుపెట్టకముందే ఏం చూడబోతున్నారో రాసిపెట్టి, ఆ తర్వాతే లెక్కలు తీస్తున్నారు.

స్వభావమా, పరిస్థితా: మిషెల్ మొదలుపెట్టిన తగాదా

ఓపికని పిల్లాడి స్వభావంగా అమ్మే ప్రతి స్లైడు మీదా కనపడే మిషెల్, నిజానికి స్వభావం అన్న మాటనే ఎదిరించినవాడు. 1968లో ఆయన పాత పరిశోధనలన్నీ పోగేసి, ఒక సందర్భంలో మనిషి నడత చూసి ఇంకో సందర్భంలో ఎలా ఉంటాడో చెప్పడం చాలా తక్కువగానే సాధ్యమని వాదించాడు. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లాడు ఆటలో మోసం చేస్తాడని ఖాయంగా చెప్పలేం. స్వభావాల మీద పనిచేసే సైకాలజిస్టులకి ఇది గిట్టలేదు. ఒక్క సందర్భం చూస్తే అలాగే ఉంటుంది, చాలా సందర్భాల సగటు తీస్తే మనిషికీ మనిషికీ తేడా గట్టిగా నిలబడుతుంది అని వాళ్ల జవాబు. డనీడిన్ ఫలితం ఈ జవాబుకి బలమిస్తుంది. పావుగంట మిఠాయి మిషెల్ వాదనకి.

మిషెల్, షోదా 1990లలో మధ్యేమార్గంగా ఒక సంగతి చూపించారు. అమెరికాలో ఒక వేసవి శిబిరంలో పిల్లల్ని వారాల తరబడి గమనిస్తే, కోపంలో సమానంగా కనపడే ఇద్దరు పిల్లలకి కోపం వచ్చే చోట్లు వేరు. ఒకడు పెద్దవాళ్లు మందలిస్తే తిరగబడతాడు, తోటిపిల్లలు ఏడిపిస్తే ఊరుకుంటాడు. రెండోవాడు దానికి ఉల్టా. సగటు ఒకటే, ఏ సందర్భంలో ఎలా ఉంటాడన్న తీరు వేరు, ఆ తీరు వారం తర్వాత వారం అలాగే నిలిచింది. 2001లో విలియం ఫ్లీసన్ ఇంకో వైపు నుంచి లెక్కలిచ్చాడు: ఒకే మనిషి నడత కొద్ది రోజుల్లోనే మనిషికీ మనిషికీ మధ్య ఉన్నంత మారుతుంది, కానీ ఒక వారం సగటు తర్వాతి వారం సగటుతో దాదాపు సరిపోతుంది.

అందుకే ఇప్పుడు ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎంతసేపు ఆగాడన్నదాని కన్నా ఎవరి మాట మీద ఆగాడు, దేని కోసం ఆగాడు, ముందు ఎన్నిసార్లు ఆగితే వచ్చింది అన్నవి కొలవడానికి చూస్తున్నారు. ‘రేపు కొనిపెడతాలే’ అని ఎప్పుడూ చెప్పి ఎప్పుడూ కొనని బాబాయి ముందు గంట కొట్టేసే పిల్లాడు, మాట తప్పని అమ్మమ్మ ముందు పావుగంట కూర్చోవచ్చు. ఆ రెండు కొలతల్లో ఏది వాడి ఓపిక అని అడిగితే, మిషెల్ శిష్యులు రెండూ కలిపి చూడమంటారు, స్వభావం వైపు వాళ్లు ఇంకో ఇరవై సందర్భాలు చూసి సగటు తీయమంటారు.